వరద తీశాక ఇంట్లో చెమ్మ, బూజు వదిలించుకోవడం ఎలా

ముంపు తీశాక ఇంటికి తిరిగొచ్చినవాళ్లు చాలామంది ఒకే వరుసలో పనులు చేసుకుపోతారు. బురద ఎత్తిపోస్తారు, ఫినాయిల్ కలిపి కడుగుతారు, రెండు వారాలు ఫ్యాన్లు తిప్పుతారు, పండగ దగ్గర పడగానే పెయింటర్‌ని పిలుస్తారు. సంక్రాంతి దాటేసరికి కొత్త రంగు బొబ్బలు కట్టి పొట్టు పొట్టుగా రాలుతుంది. బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నల్ల మచ్చలు. ఇరవై ముప్పై వేల ఖర్చు నీళ్లపాలు.

ఇక్కడ బూజు అంటే మూలల్లో వేలాడే సాలెగూళ్లు కాదు, తడికి పట్టే ఫంగస్. దాని బీజాలు ప్రతి ఇంటి గాలిలోనూ ఎప్పుడూ ఉంటాయి, వాటిని పూర్తిగా ఏరిపారేయడం ఎవరివల్లా కాదు. తడి తగిలితే ఒకటి రెండు రోజుల్లోనే మొలకెత్తడం మొదలుపెడతాయి. తడి లేకపోతే పడి ఉంటాయి, అంతే. అందుకే ఈ పనిలో మందు కొట్టడం చిన్న భాగం, ఆరబెట్టడం పెద్ద భాగం. ముందు మురికి తీయడం, తర్వాత తడి తీయడం, రంగు అన్నిటికంటే చివర. ఈ వరుస తప్పితే ఏ ఖరీదైన మందూ పనిచేయదు.

మీ ఇంట్లోకి వచ్చినవి ఏ నీళ్లు?

2024 సెప్టెంబరు 1న రెండు ఊళ్లు రెండు రకాలుగా మునిగాయి. ఖమ్మంలో మున్నేరు ఉధృతంగా వచ్చి కాలనీలను ముంచి, త్వరగానే తగ్గింది. ఇళ్లలో మోకాలి లోతు ఒండ్రు వదిలి పోయింది. విజయవాడలో బుడమేరు నీళ్లు అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీల్లో రోజుల తరబడి కదలకుండా నిలిచాయి, డ్రైనేజీ కూడా అందులోనే కలిసింది.

మొదటి రకంలో బురద ఎక్కువ, గోడ తాగిన నీళ్లు తక్కువ. రెండో రకంలో బురద తక్కువైనా గోడ నిండా నీళ్లు, పైగా మురుగు. మీది రెండో రకమైతే కింద చెప్పిన గడువులన్నిటికీ ఎక్కువ వైపే లెక్క వేసుకోండి, పారేయాలా ఉంచాలా అన్న సందేహం వచ్చిన ప్రతి మెత్తటి వస్తువునూ పారేయండి.

లోపల అడుగు పెట్టే ముందు

మెయిన్ స్విచ్ పొడి చోట ఉండి, మీరు నిలబడిన చోటు కూడా పొడిగా ఉంటేనే దాన్ని ఆపండి. బోర్డు తడిసినా, దాని దాకా నీళ్లలో నడవాల్సి వచ్చినా దగ్గరికి వెళ్లొద్దు. 1912కి ఫోన్ చేసి స్తంభం దగ్గరే లైను తీయించండి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కరెంటు చావదు, చాలామంది దీన్నే మర్చిపోతారు. ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ వైరు ఊడదీయాలి. అది నీళ్లలో ఉంటే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ గది మూసి ఉంచండి.

గ్యాస్ వాసన వస్తే వెనక్కి వచ్చి 1906కి చెప్పండి. మునిగిన సిలిండర్ రెగ్యులేటర్, ట్యూబు మళ్లీ వాడొద్దు. గోడ కొత్తగా పగిలినా, తలుపు బిగుసుకుపోయినా, నేల ఒకపక్కకు కుంగినా ఇంజినీరు చూశాకే లోపలికి. పాములు, తేళ్లు పొడి చోటు వెతుక్కుని అటకల మీదికి, బట్టల కుప్పల్లోకి, బీరువా కిందికి చేరతాయి. చెయ్యి పెట్టే ప్రతి చోటా ముందు కర్రతో కదిపి చూడండి.

గమ్‌బూట్లు, రబ్బరు చేతి తొడుగులు, ఎన్95 మాస్కు కావాలి. చేతి రుమాలు ఫంగస్ బీజాన్ని ఆపదు. కాళ్లకు గాయాలుంటే ఆ నీళ్లలో దిగొద్దు. దిగక తప్పకపోతే గాయాన్ని నీళ్లు చొరబడకుండా కప్పుకుని దిగి, రాగానే సబ్బుతో కడుక్కోండి. టెటనస్ ఇంజెక్షన్ గురించి డాక్టర్ని అడగండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. తర్వాతి రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఆసుపత్రిలో మొదటి మాటగానే వరద నీళ్లలో తిరిగామని చెప్పండి.

ఏదీ కదపకముందే ఫొటోలు తీయండి: ప్రతి గది నాలుగు మూలలు, గోడ మీద నీటి గీత పక్కన పట్టిన కొలత టేపు, మునిగిన ప్రతి వస్తువు, దాని మోడల్ నంబరు. బీమాకీ, ప్రభుత్వ సాయానికీ ఇవే ఆధారం. 2024 విజయవాడ ముంపులో గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000 రూపాయలు ప్రకటించినప్పుడు ఇల్లిల్లూ తిరిగి లెక్క రాశారు. కడిగేసిన ఇంట్లో ఏం పోయిందో చూపించడం కష్టం. అద్దె ఇల్లయితే అవే ఫొటోలు యజమానికి వాట్సాప్‌లో పంపండి. ఆరకముందే రంగు వేయించేస్తామని యజమాని తొందరపెట్టినప్పుడు పనికొస్తాయి.

నీళ్లు తోడటం

సెల్లార్‌లో నీళ్లు నిండి ఉంటే ఒక్క పూటలో ఖాళీ చేయొద్దు. బయట నేల నీళ్లతో ఉబ్బి గోడను లోపలికి నెడుతూ ఉంటుంది. లోపలి నీళ్లు ఎదురు నెట్టడం వల్లే గోడ నిలబడి ఉంది. రోజుకు రెండు మూడు అడుగులు తోడి, గోడ మీద గీత పెట్టి ఆపండి. తెల్లారేసరికి మట్టం గీత దాటి పెరిగితే బయట నీళ్లు ఇంకా తీయలేదని అర్థం, ఇంకో రోజు ఆగండి. సంపు, సెప్టిక్ ట్యాంకుకూ ఇదే సూత్రం. చుట్టూ నేల ఊటగా ఉండగా పూర్తిగా ఖాళీ చేస్తే ట్యాంకు పైకి తేలడం, పగలడం జరుగుతాయి. డీజిల్ పంపు, జనరేటర్ ఇంటి బయటే ఉంచాలి. వాటి పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని నిద్రలోనే చంపుతుంది.

బురద పచ్చిగా ఉండగానే తీయాలి

ఒండ్రు ఎండితే సిమెంటులా పట్టేస్తుంది, తర్వాత గీకితే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పార, ఇనుప తట్ట, వైపర్ చాలు. వెనక గది నుంచి వీధి గుమ్మం వైపుకు తోసుకురండి. బాత్రూమ్ జాలీలోకి, వంటింటి తూములోకి మాత్రం తోయొద్దు. ఆ బురద పైపు వంపులో గట్టిపడితే గచ్చు పగలగొట్టడం తప్ప దారి ఉండదు. విజయవాడలో ఫైరింజన్లతో ఇళ్లు, వీధులు కడిగించినట్టు మీ వీధికీ వస్తే నేలకూ, సున్నం గోడలకూ వాడుకోండి. స్విచ్‌బోర్డుల వైపు, తలుపు సందుల్లోకి, పగిలిన ప్లాస్టరింగ్ మీదికి ఆ ధార కొట్టనివ్వకండి. నీళ్లను గోడ లోపలికి ఇంకా కూరుతుంది.

పెద్ద బురద పోయాక గోడను పైనుంచి కిందికి, నీటి గీతకు రెండు అడుగుల ఎత్తు నుంచి మొదలుపెట్టి, సబ్బు పొడి నీళ్లతో కొబ్బరిపీచు బ్రష్‌తో రుద్దండి. రెండుసార్లు మంచినీళ్లతో కడగండి. నీళ్లు తేటగా వచ్చేదాకా బ్లీచింగ్ జోలికి పోవద్దు. మట్టి, జిడ్డు ఉన్నచోట క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చైపోతుంది, క్రిమి దాకా చేరదు. బ్లీచింగ్ చల్లినా వాసన పోలేదని చెప్పే ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే.

కలపడం ఇలా. 10 లీటర్ల ప్లాస్టిక్ బకెట్‌కు 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్. కొట్లోనే తూకం వేయించుకుని పొట్లాలు కట్టించండి. మూత తీయగానే ఘాటు ముక్కుకు కొట్టాలి, కొట్టకపోతే అది ఉత్త సున్నం పొడి. ముందు కొద్ది నీళ్లలో పేస్టులా కలిపి, మిగతా నీళ్లు పోసి, పావుగంట వదిలేయండి. అడుగున తెల్లటి మడ్డి దిగాక పైన తేరిన నీళ్లే వాడాలి. మరుగుదొడ్డి నీళ్లు పైకి తన్నిన గదులకు 300 గ్రాములు వేయండి. ద్రవరూపంలో దొరికే బ్లీచ్ అయితే, సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 4-5 శాతం అని ఉన్నప్పుడు 1 లీటరుకు 9 లీటర్ల నీళ్లు. నేల, టైల్సు, గట్టి ప్లాస్టిక్ మీద పోసి పావుగంట తడిగా ఉంచి, కడిగేయండి. కలిపిన నీళ్లు ఆ రోజే అయిపోవాలి, మర్నాటికి బలం ఉండదు.

బాత్రూమ్ యాసిడ్, టాయిలెట్ క్లీనర్, అమ్మోనియా ఉన్న ఏ ద్రవం కూడా బ్లీచింగ్‌తో కలవకూడదు. ఒకటి పోసి కడగకుండా ఇంకోటి పోసినా కలిసినట్టే. యాసిడ్‌తో కలిస్తే లేచేది క్లోరిన్ గ్యాస్. మూసిన బాత్రూమ్‌లో ఊపిరి అందక పడిపోతారు. ఫినాయిల్ కూడా వేరే రోజు వాడుకోండి. పాలరాయి, అల్యూమినియం, ఇనుము, పట్టు, రంగు బట్టలకు బ్లీచింగ్ తగలనివ్వకండి.

ఏవి పారేయాలి, ఏవి దక్కుతాయి

మనసు ఒప్పుకోని పని ఇదే, కానీ ఇంట్లో ఉంచిన తడి పరుపు ఒక్కటే గదినంతా బూజు పట్టిస్తుంది. దూది, పీచు, ఫోమ్ పరుపులు, దిండ్లు, సోఫా కుషన్లు మునిగితే పారేయాల్సిందే. పరుపు విప్పి దూది ఎండబెట్టి మళ్లీ ఏకించుకుందాం అనిపిస్తుంది. మురుగు తాగిన దూదిని ఏకితే ఆ దుమ్మంతా ఏకేవాళ్ల ఊపిరితిత్తుల్లోకీ, మీ ఇంట్లోకీ వస్తుంది. వద్దు.

పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ (చెక్క పొడిని, పీచును జిగురుతో అదిమి చేసిన పలకలు)తో చేసిన కప్‌బోర్డులు, మంచాలు ఉబ్బితే మళ్లీ దిగవు. ప్లైవుడ్ అంచులు పొరలు విడితే అంతే. టేకు, వేప, మద్ది లాంటి కర్ర సామాను దక్కుతుంది. సబ్బు నీళ్లతో కడిగి, ఇటుకల మీద ఎత్తి, నీడలో గాలి తగిలేలా వారాల తరబడి ఆరనివ్వాలి. ఎండలో పెడితే ఒకవైపు త్వరగా ఎండి వంకర పోతుంది. సొరుగులు బిగుసుకుంటే ముందు నుంచి లాగొద్దు, వెనక పలక ఊడదీసి అటు నుంచి తోయండి.

బియ్యం, పప్పులు, పిండి బస్తా అడుగు తడిసినా పై భాగం ఉంచుకోవద్దు, ధాన్యంలో పెరిగే కొన్ని బూజుల విషం వండినా పోదు. మునిగిన జాడీలో ఆవకాయ కూడా అంతే, మూత ఎంత బిగించినా నీళ్లు లోపలికి పోతాయి. మందులు, పిల్లల పాలపీకలు, పగుళ్లున్న చపాతీ పీట పారేయండి. స్టీలు సామాను సబ్బుతో తోమి, కాగే నీళ్లలో ముంచి తీస్తే చాలు.

కాగితాలకు మాత్రం మొదటి రోజే చోటు చూపించండి. సర్టిఫికెట్లు, పట్టాదారు పాసు పుస్తకాలు, దస్తావేజులు మంచినీళ్లలో మెల్లగా జాడించి, పుటల మధ్య తెల్ల టిష్యూ కాగితాలు పెట్టి, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా ఆరబెట్టండి. వార్తాపత్రిక పెడితే దాని సిరా అంటుతుంది. ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుని ఎండితే విడదీయలేరు. తడిగా ఉండగానే విడదీసి, జాడించి, బొమ్మ పైకి ఉండేలా పరవాలి. అన్నీ ఒక్కరోజులో చేయలేకపోతే ప్లాస్టిక్ కవర్లో పెట్టి బంధువుల ఇంట్లో ఫ్రీజర్‌లో ఉంచండి. గడ్డకట్టినంతకాలం బూజు ఆగుతుంది, తర్వాత నిదానంగా చూసుకోవచ్చు. పట్టుచీరలు కూడా ఆ రోజే: ఒక్కోటి విడిగా చల్లటి మంచినీళ్లలో జాడించి, పిండకుండా నీడలో.

కరెంటు

గోడలోని పీవీసీ పైపుల్లో, స్విచ్ డబ్బాల్లో నీళ్లు, ఒండ్రు నిలిచి ఉంటాయి. గోడ బయటికి ఆరినా లోపల ఆరదు. మునిగిన ఎంసీబీ, ఆర్‌సీసీబీ (లోడు ఎక్కువైనా, కరెంటు లీకైనా దానంతటదే ఆపేసే స్విచ్‌లు), మామూలు స్విచ్, సాకెట్ అన్నీ కొత్తవి వేయాలి. హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి వాడితే, షాక్ కొట్టిన రోజున ట్రిప్ కావాల్సినది ట్రిప్ కాదు. వైర్లను మెగ్గర్‌తో (వైరు పై తొడుగు కరెంటును లీక్ కానిస్తుందేమో కొలిచే మీటరు) 500 వోల్టుల దగ్గర పరీక్ష చేయించండి. కనీసం 1 మెగాఓం రావాలి. రాని సర్క్యూట్ విడదీసి, మిగతావి ఇవ్వమనండి. ఎర్త్ కూడా చూడమనండి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మోటారు పనిచేస్తుందేమో చూద్దామని ప్లగ్ పెట్టొద్దు. ఆరబెడితే బాగుపడే వైండింగ్ ఆ ఒక్క పరీక్షతో కాలిపోతుంది. ఫ్రిజ్ తలుపు మధ్య దాకా మునిగితే బాగుచేయించడం దండగ, గోడల్లోని ఫోమ్ నీళ్లు తాగి వాసన వదలదు.

సంపు, ట్యాంకు

బురద తీసి, గోడలు రుద్ది కడిగాక నింపి, ప్రతి 1,000 లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ తేరిన నీళ్లుగా కలపండి. ప్రతి కుళాయీ తిప్పి క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, కట్టేయండి. ఒక రాత్రంతా ఉంచి మొత్తం వదిలేయండి. ఆ నీళ్లు తాగడానికి, వంటకు కాదు. మళ్లీ నింపిన నీళ్లను కూడా కొన్ని వారాలు కాచి చల్లార్చే తాగండి.

గోడను విప్పి ఆరబెట్టడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఇటుక గోడ స్పాంజి లాంటిది, నీటి గీత దగ్గర ఆగదు, అడుగో రెండడుగులో పైకి పీలుస్తుంది. పైన ఉన్న పుట్టీ, ఎమల్షన్ రంగు రెయిన్‌కోటులా ఆ తడిని లోపలే పట్టి ఉంచుతాయి. కాబట్టి నీటి గీతకు కనీసం రెండు అడుగుల పైదాకా రంగు, పుట్టీ పూర్తిగా గీకించి, ప్లాస్టరింగ్ కనబడేలా చేయండి. రంగు బాగానే ఉంది కదా అనిపించినా గీకాల్సిందే. గీకే ముందు సబ్బు నీళ్లు స్ప్రే చేసి తడపండి, పొడిగా గీకితే బూజు బీజాలు ఇల్లంతా లేస్తాయి.

తర్వాత వేలి కణుపుతో గోడంతా తట్టుకుంటూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చిన చోట ప్లాస్టరింగ్ ఇటుకను వదిలేసింది, దాన్ని కొట్టేసి ఇటుక బయటపెట్టండి. వాల్‌పేపర్, గోడకు కొట్టిన చెక్క పలకలు, కిచెన్ కప్‌బోర్డుల కింద ఉండే అడ్డు పలక, గోడ కప్‌బోర్డుల వెనక ప్లైవుడ్ అన్నీ ఊడదీయాలి. ఎక్కువ బూజు దొరికేది ఈ కనబడని చోట్లే. టైల్స్ స్కర్టింగ్‌ను గదికి ఒకచోట తీసి వెనక చూడండి, తడి ఉంటే మొత్తం తీయించండి. పాత మట్టి గోడలైతే నిదానంగా ఆరనిచ్చి, మట్టితోనో సున్నంతోనో పూడ్చాలి. సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, గోడ అడుగు నుంచి మెత్తబడుతుంది.

ఆరడానికి ఎంతకాలం? ఇటుక గోడకు అంగుళం మందానికి సుమారు నెల అని లెక్క. తొమ్మిది అంగుళాల గోడ రెండువైపులా గాలి తగిలితే నాలుగైదు నెలలు. నాలుగున్నర అంగుళాల గోడకు రెండు మూడు నెలలు. ఒకవైపు పక్కింటి గోడ ఆనుకుని ఉంటే ఇంకా ఎక్కువ. కోస్తాలో సెప్టెంబరు మునక తర్వాత అక్టోబరు, నవంబరు తుపానులు కూడా ఉంటాయి. అందుకే పుట్టీ, రంగులు శివరాత్రి దాటాకే అని పెట్టుకోండి.

ఇరవై నాలుగు గంటలూ కిటికీలు తెరిచి ఉంచితే ఆరుతుందనుకోవడం పొరపాటు. వాన పడుతున్నప్పుడు, రాత్రుళ్లు బయటి గాలిలోనే తేమ ఎక్కువ, అది లోపలికి వస్తుంది. ఎండ ఉన్న రోజు ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఎదురెదురు కిటికీలు తెరవండి. స్టాండు ఫ్యాన్ ఒక కిటికీ దగ్గర బయటికి ముఖం పెట్టి పెడితే తడి గాలి బయటికి పోతుంది. సీలింగ్ ఫ్యాన్ అదే గాలిని గదిలో తిప్పుతుంది, అంతే. బూజు కనబడుతున్న గదిలో శుభ్రం చేయకముందు ఏ ఫ్యానూ వేయొద్దు. రాత్రి తలుపులు వేసి, ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో నడపండి. కొన్ని వందల రూపాయలకు దొరికే, గాలిలో తేమ చూపే మీటరు ఒకటి గదిలో పెట్టుకోండి. అది 60 శాతం కంటే తక్కువ చూపించే రోజులు పెరుగుతున్నాయంటే మీ పని ఫలిస్తోంది. మూసిన గదిలో కుంపటి మాత్రం పెట్టొద్దు, జనరేటర్ పొగలాంటి ప్రమాదమే అది. సాంబ్రాణి వాసనను కప్పుతుంది, తడిని తీయదు.

ఆరుతున్న గోడ మీద తెల్లగా పొడి లేస్తే భయపడొద్దు. చాలాసార్లు అది బూజు కాదు, గోడలోని ఉప్పు. ఒక చుక్క నీళ్లు వేయండి: కరిగిపోతే ఉప్పు, మచ్చగా నిలిచి ఉంటే బూజు. ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి చేటలోకి ఎత్తేయాలి. నీళ్లతో కడిగితే మళ్లీ గోడలోకే పోతుంది. నాలుగైదుసార్లు లేస్తుంది, ప్రతిసారీ దులపండి.

బూజు పట్టిన చోట

మొత్తం కలిపి మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు దాకా ఉంటే మీరే చేసుకోవచ్చు. అంతకు మించి ఉన్నా, మురుగు నీళ్లలో నానిన గోడైనా ఈ పని తెలిసినవాళ్లతో చేయించండి. ఆయాసం ఉన్నవాళ్లు, గర్భిణులు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, పిల్లలు ఆ పూట ఇంట్లోనే ఉండకూడదు.

గది తలుపు మూసి, సందుకు తడిగుడ్డ పెట్టండి. కిటికీ తెరవండి. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, తొడుగులు వేసుకోండి. సబ్బు నీళ్లు స్ప్రే చేసి, ఐదు నిమిషాలు ఆగి, స్క్రాపర్‌తో గీకి, రాలింది రాలినట్టే తడిగా ప్లాస్టిక్ సంచిలోకి ఎత్తి మూతి కట్టండి. చీపురు పట్టుకోవద్దు. సబ్బు నీళ్లతో రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయండి. తర్వాత పైన చెప్పిన బ్లీచింగ్ నీళ్లు పూసి పావుగంట ఉంచి, తుడవండి. టైల్సు మీద, గాజు మీద దీంతో పని అయిపోతుంది. ప్లాస్టరింగ్, చెక్క లాంటి పీల్చే వాటి మీద మాత్రం క్లోరిన్ పైపైనే ఆగుతుంది, దానితో పోసిన నీళ్లు లోపలికి దిగుతాయి. మచ్చ తెల్లబడినంత మాత్రాన బూజు పోయినట్టు కాదు. అందుకే గోడ మీద తక్కువగా, ఒక్కసారే పూసి, ఆ పూటే ఫ్యాన్ పెట్టి ఆరబెట్టండి. జిప్సం సీలింగ్ పలకకు బూజు పడితే గీకడం దండగ, ఆ ముక్క కోసి తీసేయడమే.

వారం తర్వాత అదే చోట మళ్లీ వస్తే మందు మార్చకండి, తడి ఎక్కడినుంచి వస్తోందో వెతకండి. పగిలిన పైపు, బయట గోడకు ఆనుకుని ఉన్న ఒండ్రు కుప్ప, నీళ్లు నిలిచిన పక్క సందు, బాత్రూమ్ గోడ అవతలి వైపు: సాధారణంగా వీటిలో ఒకటి ఉంటుంది. బయట గోడ చుట్టూ చేరిన ఒండ్రును తవ్వి, నేల మట్టం గచ్చు కంటే ఆరంగుళాలైనా కిందికి తేవాలి. ఇంట్లో అంతా చేసి ఈ ఒక్కటి వదిలేసే ఇళ్లు చాలా ఉన్నాయి.

పండగకు ఏం చేయాలి?

బోసి ప్లాస్టరింగ్ గోడలతో దసరా, సంక్రాంతి చేసుకోవడం ఎవరికైనా బాధే. దానికి మంచి దారి పాత సున్నమే. ప్లాస్టరింగ్ మీద సున్నం పూత గాలి ఆడనిస్తుంది, లోపలి తడి దాని గుండా బయటికి వస్తుంది, పైగా సున్నపు ఘాటులో బూజు త్వరగా పట్టదు. గుల్లసున్నం నానబెట్టి, పలచటి గుడ్డలో వడగట్టి, పాలంత పలచగా రెండు మూడు పూతలు వేయించండి. అంటుకోవడానికి జిగురు, ఉప్పు కలుపుతామంటే వద్దనండి. జిగురు ఎక్కువైతే రంధ్రాలు మూస్తుంది, ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. మిగిలిన ఎమల్షన్ మీద సున్నం నిలవదు, గీకిన చోటే వేయాలి. కంట్లో పడితే సున్నం కన్ను తీస్తుంది, అద్దాలు లేకుండా ఎవరినీ పూయనివ్వకండి.

రంగు వేసే ముందు పరీక్ష

ఫిబ్రవరి, మార్చిలో, అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పాలిథిన్ కాగితాన్ని గోడ అడుగు భాగంలో నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఒక రోజంతా ఉంచి తీయండి. కాగితం లోపలివైపు నీటి బొట్లు ఉన్నా, ఆ చోట గోడ నల్లబడినా గోడ ఇంకా తడిదే, నెల ఆగి మళ్లీ చూడండి. ప్రతి గదిలో రెండుచోట్ల చేయాలి, ఒకటి ఎండ తగలని ఉత్తరపు గోడకు తప్పనిసరి. పెయింటర్ అరచేయి ఆనించి ఆరిందనడాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పై అంగుళం ఆరితే చేతికి పొడిగానే ఉంటుంది.

ఆరిందని తేలాక, సున్నం పూతను ఉప్పుకాగితంతో గీకించి దుమ్ము తుడిపించండి. సున్నం మీద నేరుగా పుట్టీ వేస్తే పెచ్చులుగా లేస్తుంది. కొట్టేసిన చోట ప్లాస్టరింగ్ కొత్తగా చేస్తే దానికి మూడు నాలుగు వారాలు విడిగా ఇవ్వాలి. పుట్టీ వేస్తే తెల్ల సిమెంటుతో చేసిందే వేయించండి, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) కింది నాలుగడుగుల్లో అసలు వద్దు. తడి రానివ్వదని చెప్పి అమ్మే ప్లాస్టిక్ పూతలు లోపలివైపు పూస్తే, లోపల మిగిలిన చెమ్మ పక్క గోడలో తేలుతుంది.

బీరువా, మంచం, కప్‌బోర్డులు గోడకు ఆరంగుళాల దూరంలో పెట్టండి. వచ్చే జూన్‌లో తొలి వానలు పడ్డ వారానికి టార్చ్ లైటు పట్టుకుని వాటి వెనక ఒకసారి చూడండి. ఏదైనా మిగిలి ఉంటే మొదట అక్కడే కనబడుతుంది.